నేల ఆరేదాకా

"మా ఆవిడా? అప్పట్లో చాలా సహకరించిందండీ. ఆదివారాలు మేం యుద్ధంలో ఉంటే టీలు అవీ ఇచ్చేది."

పక్కగదిలోంచి ఆ మాట వినబడేటప్పటికి ఆమె ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె ఆగలేదు. కాలరు అయ్యాక చేతులు, చేతులు అయ్యాక వీపు, అన్నీ వరసగా రుద్ది, మడతపెట్టి, మిగతా బట్టల మీద పెట్టింది. కోపం వస్తే మొగుడి చొక్కాలు కాల్చే ఆడవాళ్ళు కథల్లో ఉంటారు. కాలిన చొక్కా బదులు ఇంకోటి ఇస్త్రీ చెయ్యాల్సింది కూడా తానేనని తెలిసిన మనిషికి ఆ సరదా ఉండదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆమె చేతిలో ఒక్క చొక్కా కూడా కాలలేదు.

ఆయన మాట్లాడుతున్నది వీడియోలు తీసే ఒక అమ్మాయితో. మూతబడిపోతున్న పాత ఆన్‌లైన్ ఆటల గురించీ, వాటి చుట్టూ చేరిన మనుషుల గురించీ ఆ అమ్మాయి వీడియోలు చేస్తుందట. అలాంటి ఒక ఆట వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి శాశ్వతంగా మూతపడుతోంది. ఆ ఆటలోనే పన్నెండేళ్ళ కిందట ఒక బృందం ప్రతి ఆదివారం మధ్యాహ్నం నెపోలియన్ కాలంనాటి యుద్ధాలు జరిపేది. ఎవరికి తోచినట్టు వాళ్ళు కాల్చుకోవడం కాదు. నూట అరవై మంది ఎక్కడెక్కడి ఊళ్ళలోనో తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చుని, పుస్తకాల్లో రాసినట్టే వరసలు కట్టి, ఆజ్ఞ వచ్చేదాకా తుపాకీ పేల్చకుండా, డోలు దెబ్బకి అడుగులేస్తూ యుద్ధం చేసేవాళ్ళు. ఆ బృందానికి 'దళపతి' ఆమె భర్త. గొంతు ఆయనది. జ్ఞాపకాలు కూడా ఆయనవే అయినట్టు వినబడుతోంది ఇప్పుడు.

టీలు ఇచ్చిందన్నది అబద్ధమైతే పోట్లాడొచ్చు. అబద్ధం కాకపోవడమే అసలు మంట. ఇచ్చింది, నిజమే. రౌండుకీ రౌండుకీ మధ్య గొంతు ఎండిపోకుండా దళపతికి వేడివేడి టీ ఇచ్చింది. ఇంకేం ఇచ్చిందో ఆ అమ్మాయి అడగలేదు, ఆయన చెప్పలేదు. అంతే.

అసలు ఆ కంప్యూటరు కొన్నది పాప చదువు పేరు చెప్పి. పాపకప్పుడు తొమ్మిదేళ్ళు. దాని మీద పాప చదివింది తక్కువ, పాప నాన్న ఆడింది ఎక్కువ. ఆమె అప్పటికీ ఇప్పటికీ ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా. అరవై మంది నర్సులకి ఏ వారం ఏ వార్డు, ఎవరికి పగలు, ఎవరికి రాత్రి, ఎవరికి సెలవు అని డ్యూటీ చార్టు వెయ్యడం ఆమె పని. చార్టు కింద సంతకం మాత్రం సూపరింటెండెంటుది. ఎవరైనా మెచ్చుకుంటే ఆయన నవ్వి, "తల బద్దలు కొట్టుకున్నానమ్మా ఈసారి" అనేవాడు. ఎవరైనా గొడవకొస్తే, "మా గుమాస్తా పొరపాటు చేసినట్టుంది" అనేవాడు. ఇంట్లో ఆమెకి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేకపోయింది.

ఒకసారి వార్డులో ఎవరో రోగి లావాటి పుస్తకం మర్చిపోయి వెళ్ళాడు. ఆర్నెల్లు చూశారు, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. పారేస్తామంటే ఆమె సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చింది. నెపోలియన్ చక్రవర్తి చివరి యుద్ధం గురించిన పుస్తకం అది. మడతలు విప్పితే బల్లంత అయ్యే పటాలు, ఏ దళం ఏ గుట్ట వెనక ఎంతసేపు నిలబడిందో రాసిన పట్టికలు. మొదట పటాల కోసం చూసింది. తరవాత పట్టికలు పట్టుకున్నాయి. వేలమందిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరి తరవాత ఎవరు వెళ్ళాలి, అలిసిపోయినవాళ్ళని ఎప్పుడు వెనక్కి తియ్యాలి. ఇంతా చేసి ఇది డ్యూటీ చార్టేగా అనుకుంది. కుక్కరు మూడు కూతలు వేసేలోగా రెండు పేజీల చొప్పున ఆ పుస్తకం మొత్తం వంటింట్లోనే పూర్తిచేసింది.

ఆయన ఆ ఆట ఆడుతుంటే వెనకనుంచి చూసి ఒకరోజు ఉండబట్టలేక అంది. "వాళ్ళు అలా తలోదిక్కూ పరిగెత్తరండీ. వరసలో నిలబడతారు."

"నిలబడితే చస్తారు."

"అవును. చచ్చేవాళ్ళు. ఆ తుపాకీలకి గురి ఉండదు. ఒక్కడు పేలిస్తే ఎక్కడికి పోతుందో వాడికే తెలీదు. అందుకే అందరూ కలిసి ఒక్కసారే పేల్చేవాళ్ళు. మళ్ళీ మందు దట్టించుకునేదాకా అవతలివాళ్ళ గుళ్ళకి ఎదురుగా నిలబడే ఉండేవాళ్ళు."

ఆయన కుర్చీ తిప్పి ఆమెని చూశాడు. పెళ్ళయిన కొత్తలో చూసిన చూపు అది. చాలా ఏళ్ళకి మళ్ళీ చూశాడు. "ఇంకా ఏముంది అందులో?" అన్నాడు.

అలా మొదలైంది. ఆ వారమంతా ఆఫీసులో భోజనాల వేళ ఆమె నియమాలు రాసింది. భుజానికి భుజం ఆనించి నిలబడాలి. ఆజ్ఞ లేకుండా పేల్చినవాణ్ణి ఆ రోజుకి పంపెయ్యాలి. చచ్చినవాడు చచ్చినట్టే, ఆ రౌండు అయ్యేదాకా మళ్ళీ లేవకూడదు, మాట్లాడకూడదు. ఆడేవాళ్ళ కోసం అక్కడా ఇక్కడా అడిగింది. మొదటి ఆదివారం పద్నాలుగు మంది వచ్చారు. ఆరు నెలలకి నూరు దాటారు. పగలు, రాత్రి, సెలవు అనే గళ్ళు చెరిపి కుడివైపు, మధ్య, ఎడమవైపు అని రాసుకుంటే చార్టు అదే అయింది. ఏ యుద్ధం, ఏ మైదానం, పొలంలో ఇంటి గోడ ఎంత ఎత్తు, ఎండా వానా, ఎవరు ఏ దళం, ఎవరు ఎవరితో పోట్లాడి మాటల్లేకుండా ఉన్నారు కాబట్టి పక్కపక్కన పెట్టకూడదు, అన్నీ ఆమె చూసుకునేది. ఆయన గదిలో ఆయన మైకుతో ఉండేవాడు. ఆమె వంటింటి బల్ల దగ్గర పాత ల్యాప్‌టాప్‌తో ఉండేది. మైకు పెట్టుకోలేదు. వెనక కుళాయి చప్పుడూ గిన్నెల చప్పుడూ వస్తుంటే మైకేమిటి. అన్నీ టైపు చేసేది. ఆటలో ఆమె పేరు 'గుమాస్తా'. పేరు చూసి అందరూ ఎవరో మితభాషి అయిన పెద్దాయన అనుకున్నారు. ఆమె దిద్దలేదు. దిద్దాలని మొగుడికీ తోచలేదు.

అన్యాయంగా చెప్పకూడదు, ఆయన గొంతు గొప్ప గొంతు. "సిద్ధం" అని ఆయన ఒక్క మాట లాగి పలికితే వంటింట్లో ఆమె చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. డోలు మోగేది. పొగమంచులో నీలం కోట్ల వరస కదిలేది. ఆ వరస తను గళ్ళు గీసి నిలబెట్టిన వరస. పొద్దున్నుంచీ చేసిన అంట్లూ, బట్టలూ, చాకిరీ అంతా ఆ ఒక్క క్షణంలో మర్చిపోయేది. ఇప్పటికీ ఆ ఆదివారాలు గుర్తొస్తే ఆమెకి ముందు కోపం రాదు, సంతోషమే వస్తుంది. కోపం తరవాత వస్తుంది.

"ఆడదానికి కంప్యూటరెందుకే, అదేమన్నా పొయ్యా, నువ్వు ముందు కూర్చోకపోతే ఆరిపోతుందా?" అనేది అత్తగారు. రెండో ఏడు ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు కానీ మళ్ళీ లేవలేదు. మామూలు రోజుల్లో చూసుకోవడానికి ఒక ఆయమ్మ వచ్చేది. ఆదివారం ఆయమ్మకి సెలవు. ఆమెకి అసలు సెలవే లేదు కాబట్టి ఆదివారం ఆమె వంతు. సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి, దళాలన్నీ చేరి హాజరు వేసేసరికి, గదిలోంచి పిలుపు వచ్చేది.

మొదటిసారి పిలుపు వచ్చిన రోజు ఆమె ఆయన గదిలోకి వెళ్ళి అడిగింది. "ఈ ఒక్కసారి మీరు చూస్తారా?"

ఆయన మైకు చేత్తో మూసి, "నేను లేస్తే యుద్ధం ఆగిపోతుంది" అన్నాడు.

కన్నతల్లే. కానీ దళపతి కదా.

ఆమె వెనక్కొచ్చి ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఒక్క క్షణం ఆలోచించింది. పుస్తకంలోది గుర్తొచ్చింది. ఆ చివరి యుద్ధం తెల్లారగానే మొదలవ్వలేదు. ముందురోజు రాత్రంతా వాన. నేలంతా బురద. ఫిరంగులు కదలవు. నేల కాస్త ఆరాలని మధ్యాహ్నం కావొచ్చేదాకా అంత సైన్యమూ ఊరికే నిలబడింది. ఆమె ఆటలో వాన మొదలుపెట్టి టైపు చేసింది: 'రాత్రంతా వాన. ఫిరంగులు కదలవు. నేల ఆరేదాకా ఎవరూ కదలకూడదు.' లేచి వెళ్ళింది. అత్తగారిని పక్కకి తిప్పి, ఒళ్ళు తుడిచి, పౌడరు అద్ది, దుప్పటి మార్చి, మెత్తగా కలిపిన అన్నం నాలుగు ముద్దలు తినిపించి, నీళ్ళు తాగించి, చేతులు కడుక్కుని వచ్చింది. గోడగడియారం చూస్తే ఇరవై రెండు నిమిషాలు. సగంమంది విసుక్కుని పోయుంటారనుకుంది. ఒక్కరూ పోలేదు. అంతా వానలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. 'నేల ఆరింది' అని టైపు చేసింది. ఆ రోజు జరిగినట్టు యుద్ధం అంతకుముందెప్పుడూ జరగలేదు. అంతసేపు కలిసి తడిసిన మనుషులు ఒకళ్ళనొకళ్ళు వదిలిపెట్టి పారిపోలేదు.

ఆ వారం అందరూ దళపతిని ఆకాశానికెత్తేశారు. ఎంత నిజంగా ఉందండీ ఆ ఎదురుచూపు, ఏ ఆటలోనూ లేదు ఇలాంటిది అన్నారు. "చరిత్ర అంటే అదేనండీ మరి" అన్నాడు దళపతి. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇరవై రెండు నిమిషాలు వాన పడింది. మధ్యలో ఒకసారి ఆయనకి విసుగొచ్చి ముందే కదలమన్నాడు. ఆమె అత్తగారి గదిలోంచి వచ్చేసరికి సగం దళాలు చచ్చిపడి ఉన్నాయి. మర్నాడు నియమాల్లో ఒక నియమం చేర్చింది: గుమాస్తా పేరుతో 'నేల ఆరింది' అన్న లైను పడేదాకా, దళపతి చెప్పినా సరే, ఎవరూ కదలకూడదు.

ఆ ఎదురుచూపులో ఏం మాట్లాడుకునేవాళ్ళో ఆమె గోడ ఇవతలినుంచి వినేది. ఆయన స్పీకర్లు పెద్దవి. డోలు వాయించే అతను బస్సు డిపోలో మెకానిక్కు, కూతురికి మాటిమాటికీ జ్వరం అనేవాడు. మాస్టారనే ఆయన లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, భార్య పోయాక వంట నేర్చుకుంటూ ప్రతివారం ఏది మాడిందో చెప్పేవాడు. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోని మాటలు వాళ్ళు వానలో చెప్పుకునేవాళ్ళు. అత్తగారు మొదట్లో "ఏమిటే ఆ గోల" అనేది. నెల తిరిగేసరికి చెవులు అటే పెట్టేది. ముద్ద నోట్లో పెట్టుకుని చెయ్యి అడ్డం పెట్టి, "ఉండు, డోలు మాట్లాడుతున్నాడు" అనేది. "ఆ పిల్లకి జ్వరం తగ్గిందటా?" అనేది. ఒకసారి ఒళ్ళు తుడిపించుకుంటూ అడిగింది. "ఈసారి నీవాళ్ళు గెలుస్తారా?"

"నావాళ్ళంటూ లేరత్తయ్యా. రెండువైపులా నేనే నిలబెట్టాను. రెండువైపులా నావాళ్ళే."

ఆవిడ అంది. "అయితే ఎవరు గెలిచినా ఓడేది నువ్వేనన్నమాట."

కోడలు కాపురానికి వచ్చాక ఆవిడ అన్న మాటల్లో వంకలు వెతికినవి వెయ్యి ఉంటాయి. ఆమె ఇప్పుడు దాచుకున్నది మాత్రం ఈ ఒక్కటే. ఆ మాట అన్నాక ఆవిడ తడిచేత్తో కోడలి మణికట్టు పట్టుకుని వెంటనే వదల్లేదు.

ఐదో ఏడు అత్తగారు పోయింది. మూడు నెలలు ఆమె ల్యాప్‌టాప్ తెరవలేదు. ఆదివారం మూడింటికి కాళ్ళు వాటంతటవే ఆ గదివైపు వెళ్ళేవి. ఆ మూడు నెలలూ దళపతే అన్నీ నడిపాడు. వాన తీసేశాడు, ఎదురుచూపు తీసేశాడు. మొదటి నెల వందమంది, రెండో నెల నలభై, మూడో నెల పన్నెండు. "జనాలకి ఓపికలు పోయాయి" అని తేల్చి ఆయన వేరే ఆటలోకి వెళ్ళిపోయాడు. అదీ జరిగి ఏడేళ్ళు.

వీడియో అమ్మాయితో మాటలు ముగించి ఆయన హుషారుగా హాల్లోకి వచ్చాడు. "ఆదివారం చివరి యుద్ధం పెడదామంటున్నారు. పాతవాళ్ళంతా వస్తారట. సరే అనేశాను. ఆ చార్టు ఏదో వెయ్యి, నీకు చిటికెలో పని."

వెయ్యనని అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అప్పటికే ఆమె బుర్రలో ఒక మూల ఎడమవైపు ఎవరిని పెట్టాలా అని గళ్ళు పడిపోతున్నాయి. కోపం ఒకవైపు, ఆశ ఒకవైపు. తన మీద తనకే ఒళ్ళుమండింది. ఆ వారం రోజులూ ఆఫీసు నుంచి రాగానే పాత పేర్లు తీసి ఒక్కొక్కళ్ళకీ మెసేజీ పెట్టింది. రాసేకొద్దీ కోపం పక్కకి జరిగి కూర్చుంది. డోలు కూతురు డిగ్రీ చదువుతోందట. మాస్టారికి చూపు తగ్గిపోయిందట, ఫోను చదివి వినిపిస్తే విని, నోటితో చెప్పి జవాబు పంపిస్తున్నాడట.

'గుమాస్తా సార్, మీరు రాస్తే రాకుండా ఉంటానా,' అని వచ్చింది ఆయన జవాబు. 'ఇప్పుడు యుద్ధం నాకు కనపడదు. ఎవరు ఎటు పరిగెత్తుతున్నారో తెలీదు. ఆ వానలో మీ అందరితో నిలబడ్డానికి వస్తాను. అది ఉంటుంది కదా?'

'ఉంటుంది మాస్టారూ,' అని రాసింది. దళపతిని అడగలేదు.

ఆదివారం భోజనాల దగ్గర ఆయన చెప్పాడు. "ఇదిగో, ఆ నిలబడే ముచ్చట ఈసారి వద్దు. మరీ కావాలంటే ఐదు నిమిషాలు. ఆ అమ్మాయి రికార్డు చేస్తోంది. బొమ్మల్లా నిలబడితే చూసేవాళ్ళు వీడియో పక్కకి తోసేసి పోతారు."

ఆమె కూర వడ్డించింది. జవాబు చెప్పలేదు. జవాబు లేకపోతే సరేనని ఆయన లెక్క. ఆ లెక్క ఆయనకి అలవాటు చేసింది కూడా ఆమే, ఇరవై నాలుగేళ్ళుగా.

మూడింటికి నూట నలభై ఎనిమిది మంది వచ్చారు. హాజరు వేస్తుంటే ఒక్కొక్క దళం తన లెక్క చెబుతోంది. పేర్లు పడుతుంటే ఆమెకి కళ్ళు చెమర్చాయి. పన్నెండేళ్ళనాటి అదే గుట్ట, అదే పొలంలో ఇల్లు, అదే గోడ. వాన మొదలుపెట్టి, నేల ఆరేదాకా ఎవరూ కదలకూడదని రాసింది. వెంటనే స్పీకర్లలో కబుర్లు మొదలయ్యాయి. ఎవరికి బట్టతల వచ్చింది, ఎవరికి మనవడు పుట్టాడు. మాస్టారు ఇప్పుడు వంట బాగానే చేస్తున్నాడట, కనపడకపోయినా మాడటం లేదట. వాసనకి తెలుస్తుందట.

ఐదు నిమిషాలు అవ్వగానే పక్కగదిలో దళపతి గొంతు సవరించుకున్నాడు. "సిద్ధం. ముందుకి."

గొంతు అదే. ఏళ్ళు దాన్ని ఏమీ చెయ్యలేదు. కానీ ఒక్క వరసా కదల్లేదు.

"ముందుకి" అన్నాడు మళ్ళీ.

"దళపతి గారూ, నేల ఇంకా ఆరలేదండీ" అన్నాడు డోలు. "గుమాస్తా గారి లైను పడలేదు."

"ఆజ్ఞ నాది."

"ఆజ్ఞ మీదేనండీ. నేల మీది కాదు కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన మైకు ఆపేసి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "టైపు చెయ్యి."

"ఇంకా పదిహేడు నిమిషాలుంది."

"ఏం సరదాగా ఉందా నీకు? ఆ అమ్మాయి రికార్డు చేస్తోంది, అందరూ నవ్వుతున్నారు. నేల ఆరిందని ఒక్క ముక్క కొట్టడానికి నీదేం పోయింది?"

నీదేం పోయింది. ఆమె ఆ ప్రశ్న నిజంగానే ఆలోచించింది. నాది ఏం పోయింది? అత్తగారి గదిలో ఇప్పుడు పిలిచే మనిషి లేదు. తుడవాల్సిన ఒళ్ళు లేదు, మార్చాల్సిన దుప్పటి లేదు. ఆ పదిహేడు నిమిషాల్లో ఆమె వెళ్ళాల్సిన చోటు ఏదీ లేదు. అప్పుడు తట్టింది ఆమెకి. ఈ వాన కురిపించింది తను, ఈ ఎదురుచూపు పెట్టింది తను. ఆ వాన గురించి ఇంతమంది ఇన్నేళ్ళు చెప్పుకున్నారు. తను మాత్రం ఒక్క ఆదివారం కూడా అందులో లేదు. వరస చివర ఆమె బొమ్మ నిలబడి ఉండేది, ఖాళీగా, మనిషి లేకుండా. మనిషి గోడకి ఇవతల ముద్దలు కలుపుతూ ఉండేది. ఇన్నేళ్ళలో దీనికి ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇప్పుడు ఏడుపొచ్చింది, కానీ దానికి టైము లేదు. ల్యాప్‌టాప్‌లో మైకు గుర్తు మీద నొక్కింది. పన్నెండేళ్ళుగా ఎర్రగీత కొట్టి ఉన్న ఆ గుర్తు తెల్లగా అయింది.

"గుమాస్తాని మాట్లాడుతున్నాను" అంది.   "నేల ఇంకా ఆరలేదు. ఎవరూ కదలొద్దు."

  వీడియో అమ్మాయి అడిగింది. "క్షమించండి, మీరెవరు?"

"నియమాలు రాసినదాన్ని. మిమ్మల్నందరినీ వరసల్లో నిలబెట్టినదాన్ని. దళపతిగారి భార్యని కూడా."

"అయ్యయ్యో" అన్నాడు మాస్టారు. "ఇన్నేళ్ళు మిమ్మల్ని సార్ అన్నానమ్మా."

"పర్లేదు మాస్టారూ. బాగానే ఉండేది. ఆఫీసులో ఎవరూ అనలేదు."

నవ్వులు. ఆ నవ్వులు తగ్గాక మాస్టారే అడిగాడు. "అమ్మా, ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నాను. ఈ ఇరవై రెండు నిమిషాల లెక్క ఎక్కడిది? కళ్ళున్నప్పుడు నేను చాలా పుస్తకాలు వెతికాను. ఎక్కడా దొరకలేదు."

"పుస్తకాల్లో ఉండదు మాస్టారూ. మా అత్తగారు మంచంలో ఉండేవారు. ఆవిణ్ణి తిప్పి, తుడిచి, పక్క మార్చి, తినిపించి రావడానికి అంత పట్టేది. నేను వచ్చేదాకా మిమ్మల్ని ఎక్కడో అక్కడ నిలబెట్టాలి కదా. అందుకని వానలో నిలబెట్టాను."

 గుమ్మంలో ఆయన తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అమ్మకి మూడింటికి తినిపించాలని ఆయనకి తెలుసు. మూడింటికి వాన పడుతుందనీ తెలుసు. ఆ రెండూ ఒక్కటేనని ఆయనకి ఇప్పుడే తెలిసిందని ముఖం చూస్తే అర్థమైంది.

"ఆ పెద్దావిడ ఎలా ఉన్నారండీ?" అని అడిగాడు డోలు.

"పోయారు, ఏడేళ్ళయింది. మీ అమ్మాయి జ్వరం గురించి వారం వారం అడిగేవారు."

"మేం తెలుసా ఆవిడకి?"

"అందరూ తెలుసు. మీ మాటలు వినకపోతే ముద్ద మింగేవారు కాదు."

 డోలు ముక్కు ఎగబీల్చిన చప్పుడు మైకులోంచి అందరికీ వినిపించింది. మాస్టారు మెల్లిగా ఆవిడకి ఏం ఇష్టంగా ఉండేదో చెప్పమ్మా అన్నాడు. ఆమె చెప్పింది. ఒకటి చెబితే ఇంకోటి గుర్తొచ్చింది. ఆవిడ తిట్లు చెబితే జనం విరగబడి నవ్వారు. మధ్యలో ఎవరెవరో తమ ఇళ్ళలో మంచాన పడ్డవాళ్ళ సంగతులు చెప్పారు. గోడగడియారంలో ఇరవై రెండు నిమిషాలు దాటాయి, నలభై దాటాయి. ముందుకి ఎప్పుడని ఎవరూ అడగలేదు, ఒక్క ఆయన తప్ప.

"ఆరింటికి మూసేస్తారు" అన్నాడు ఆయన గుమ్మంలోంచి, ఈసారి గొంతు బాగా తగ్గించి. "ఇదే చివరి యుద్ధం. ఇంకెంతసేపు నిలబెడతావు వాళ్ళని?"

ఆమె మైకు ఆపకుండానే అటు తిరిగి చెప్పింది.

"తెలీదండీ. నేను ఇప్పుడే వచ్చాను."